శంఖు గాజులు పెరిగిన రోజు

నేను ఆఫీసు ఉద్యోగం చేయలేదు. నాకంటూ ఒక బల్ల లేదు, కుర్చీ లేదు. పోర్ట్ బ్లెయిర్‌లో డైరీ ఫార్మ్ అనే పేటలో మనవాళ్ళదే ఒక లాడ్జి ఉండేది. అందులో బట్టల గది నా చేతిలో ఉండేది. దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు, బస చేసినవాళ్ళు ఇచ్చే చీరలూ చొక్కాలూ ఉతికించడం, గంజి పెట్టడం, ఇస్త్రీ చేయడం, ఎవరివి వాళ్ళకు అప్పజెప్పడం నా పని. మోకాళ్ళు ఇక వద్దనేదాకా చేశాను.

నా చదువు మూడో తరగతితో ఆగింది. మా మనవరాలు ఇక్కడే పుట్టి ఇక్కడే కాలేజీకి వెళ్తోంది. తెలుగు గలగలా మాట్లాడుతుంది, అచ్చులో కనిపిస్తే మాత్రం వేలు పెట్టి కూడబలుక్కుంటుంది. ఒకరోజు అది నవ్వులాటకు అడిగింది, "అమ్మమ్మా, నీ నౌకరీలో పెద్ద సంగతి ఏదైనా జరిగిందా?" అని.

"జరిగింది. ఒక సినిమా ఆవిడ గాజులు ఒక పూట నా కొంగున ఉన్నాయి."

"బస్? అంతేనా?"

అంతే. ఆ అంతే ఏమిటో దాని ఈడు పిల్లలందరికీ చెబుదామని రాస్తున్నాను. చిన్న మాటల్లోనే రాస్తాను. కూడబలుక్కునైనా చదవండి, నష్టమేమీ లేదు.

సముద్రం అడుగున కేబులు పడకముందు సంగతి ఇది. అప్పట్లో పోర్ట్ బ్లెయిర్ దాటితే ఫోను జేబులో బరువు తప్ప మరొకటి కాదు. ఒక ఉదయం లాడ్జి యజమాని బట్టల గది గుమ్మంలో నిలబడ్డాడు. శ్రీకాకుళం వైపు నుంచి వాళ్ళ తాత వచ్చి స్థిరపడ్డాడు గానీ ఆయన మాట మాత్రం నిన్న ఓడ దిగినట్టే ఉండేది.

"అమ్మా, కలకత్తా సినిమావోళ్ళు మన లాడ్జిలోనే దిగుతున్నారు. ఆళ్ళ బట్టలు సూసే మనిషికి ఓడలో ఒకటే వాంతులంట, లేవలేకపోతంది. నువ్వు సూస్తావేటి?"

"సూస్తాను. గానీ సబ్బు ఆళ్ళదే, బొగ్గులు ఆళ్ళవే. నన్నడగొద్దు."

"నీ సబ్బెవుడడుగుతాడు తల్లీ! అరిగిపోయిన ముక్కలు కూడా మూట గట్టి దాస్తావు నువ్వు."

నిజమే, దాస్తాను. అరిగిన సబ్బు ముక్కలన్నీ ఒక గుడ్డలో కట్టి నడుముకు దోపుకునేదాన్ని. ఎక్కడ మరక కనిపిస్తే అక్కడ పనికొచ్చేది. నవ్వేవాళ్ళు నవ్వేవారు. ఆ ముక్కల పని ఏమిటో తరువాత చెబుతాను.

సినిమా ఆవిడంటే తలుపు తీయడానికి ఒకరు, గొడుగు పట్టడానికి ఒకరు ఉంటారనుకున్నాను. ఆవిడ తన సంచీ తనే మోసుకుంటూ వచ్చింది. యాభై దాటి ఉంటుంది. నూనె రాసిన జుట్టు, నలిగిన నూలు చీర. రెండు చేతులకూ తెల్లటి శంఖు గాజు, పక్కనే ఎర్రటి పగడపు గాజు. మన దీవుల్లో బెంగాలీ ముత్తయిదువల చేతులకు మీరు చూసే ఉంటారు. మనకు మెడలో పుస్తెలెంతో వాళ్ళకు చేతికి ఆ శంఖు గాజులంత. సముద్రపు శంఖాన్ని అడ్డంగా కోసి చేస్తారు.

ఆవిడ నాతో అన్న మొదటి మాట, "మాషీ, గంజి పలచగా పెట్టు. పోయిన సినిమాలో నా మెడ కోసుకుపోయింది." మాషీ అంటే వాళ్ళ భాషలో పిన్ని. నేను ఆవిడను దీదీ అన్నాను. ఇద్దరికీ మధ్య దీవుల హిందీ. మనందరం ఒకరితో ఒకరు అతుకులేసుకుని మాట్లాడే ఆ హిందీయే. ఆ మాటలు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఆవిడకు నిద్ర తెల్లవారుజామునే తెగిపోయేది. చాయ్ గ్లాసు పట్టుకుని నా ఇస్త్రీ బల్ల దగ్గరికి వచ్చి కూర్చునేది. నేను పని ఆపేదాన్ని కాదు, ఆవిడ మాట ఆపేది కాదు. అలా ఆవిడ బతుకంతా విన్నాను, చీర మీద చీర మడతపెడుతూ.

తండ్రి ఊరూరా తిరిగే నాటకాల వాళ్ళకు హార్మోనియం వాయించేవాడట. ఒకరోజు చిన్నికృష్ణుడి వేషం వేసే పిల్లవాడికి జ్వరం వస్తే ఈవిడను పట్టుకుని నీలం రంగు పూశారట. "రంగు వదలడానికి వారం పట్టింది మాషీ. నాటకం పిచ్చి ఇంకా వదల్లేదు." మొదటి సినిమాలో ఆవిడ ముఖమే లేదట. ఆ సినిమా హీరోయిన్ చేతి మీద కాలిన మచ్చ ఉండేదట. దీపం వెలిగించే చేతులు దగ్గరగా చూపించాలి. ఈవిడ చేతులు చూపించారు. "ఊళ్ళో జనం హీరోయిన్‌ని మెచ్చుకుంటుంటే మా అమ్మ హాల్లో లేచి, అవి మా పిల్ల చేతులు అని అరిచింది. అందరూ కూర్చోమన్నారు." ఆ మాట చెప్పి గ్లాసులో చాయ్ ఒలికేలా నవ్వింది.

తరువాత ముఖమూ వచ్చింది, పేరూ వచ్చింది. కొన్నేళ్ళు హీరోయిన్. ఆ పైన హీరో వదిన, ఆ పైన హీరో తల్లి. తన కంటే పెద్దవాడైన హీరోకు తల్లిగా వేసిందట. "నన్ను అమ్మా అని పిలిచే ముందు అతను పళ్ళసెట్టు సరిచేసుకునేవాడు." ఆపైన టీవీ సీరియల్లో గయ్యాళి అత్త. బజారులో కూరలమ్మే ఆవిడ తిట్టిందట, కోడలిని అలా ఏడిపిస్తావా అని, వంకాయలు పుచ్చువి ఇచ్చిందట.

ఇప్పుడీ సినిమా. ఇది ఆవిడ చుట్టూ తిరిగే కథ. దీవిలో ఒక జాలరి భార్య. భర్త పడవ మీద వెళ్ళి తిరిగి రాడు. ఆ తరువాత ఆమె ఎలా బతికిందన్నదే సినిమా. ఎన్నో ఏళ్ళ తరువాత దొరికిన పెద్ద వేషం. ఇది ఆగిపోతే ఆ వయసులో మరొకటి ఎవరూ ఇవ్వరని ఆవిడకు తెలుసు.

అయితే ఆవిడ భర్త కలకత్తా ఆసుపత్రిలో ఉన్నాడు. గుండె ఆపరేషన్. సినిమాల్లో శబ్దం పట్టే పని ఆయనది. తెర మీద ఎక్కడా కనిపించని మనిషి. "నువ్వు వెళ్ళకపోతే నేను బల్ల ఎక్కను అన్నాడు మాషీ. మొండివాడు." కూతురు దగ్గరుండి చూసుకుంటోంది. ఆపరేషన్ అయింది. మనిషి మగతలో ఉన్నాడు, రెండు రోజులుగా నోట్లో చుక్క పోయలేదు. ఈ రెండు రోజులు గడవాలి అన్నారట డాక్టర్లు. సరిగ్గా ఆ రెండో రోజే ఆవిడ విధవ వేషం వేయాలి. వానలు ముంచుకొస్తున్నాయి. ఆపితే మళ్ళీ ఎప్పుడో, అసలు ఉంటుందో లేదో.

ఆ షూటింగు ఫెరార్గంజ్ అవతల ఒక పాత చెక్క ఇంట్లో. పొద్దున్నే బయలుదేరాం. సీను ఏమిటంటే, భర్త పోయాడని తెలిశాక పక్కింటి ఆడవాళ్ళు వచ్చి ఆమె శంఖు గాజులు రాతి మీద పెట్టి పగలగొడతారు. అందుకోసం ప్లాస్టరుతో చేసిన ఉత్తుత్తి గాజులు కలకత్తా నుంచి తెచ్చారు. పక్కింటి ఆడదానిగా వేయడానికి ఆ ఊళ్ళోనే ఉండే ఒక బెంగాలీ ఇల్లాలిని మాట్లాడారు. అందరూ ఆమెను బౌదీ అనేవారు, వదినా అని.

దీదీ తన అసలు గాజులు తీసి నా వైపు చాచింది. బౌదీ గుసగుసగా బెంగాలీలో ఏదో అంది. నాకు ఆ భాష సగం తెలుసు. 'మాషీ విధవరాలు కదా, ఆమె చేతికా' అని.

దీదీ గట్టిగానే జవాబిచ్చింది. "ఈమె చేతిలో ఒక గుండీ ఊడడం కూడా నేను చూడలేదు. నాకు అది చాలు."

నేను గాజులు కొంగులో పెట్టి ముడి వేసి, ఆ ముడి బొడ్లో దోపుకున్నాను. మా ఆయన చాతం కలప మిల్లులో దుంగలు దించే పని చేస్తూ పోయాడు. ఆ రోజు మావాళ్ళూ రాయి తెచ్చారు. "పగలగొట్టడమెందుకు, గట్టి గాజులు" అని నేను సబ్బు రాసుకుని ఒక్కొక్కటే తీసి మా అమ్మాయి చేతికి వేశాను. ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. ఏడవడానికి నాకు వేరే కారణం ఉంది, మళ్ళీ గాజుల కోసం కూడా ఏడవాలా? మా అమ్మాయి ఆ గాజులు చాలా కాలం వేసుకుంది.

రిహార్సల్లోనే ఒక ప్లాస్టరు గాజు జారి పడింది. సినిమావాళ్ళ మేనేజరు "అరే, టూట్ గయా!" అని కేకేశాడు. ఆ మేనేజరు కలకత్తాలో ఇంగ్లీషు స్కూళ్ళలో పెరిగినవాడు, గొంతు మైకు అక్కర్లేనిది.

దీదీ వెంటనే చెయ్యెత్తింది. "అలా అనకు. బేడే గేఛే అను."

నేను చీర మడత ఆపి చూశాను. బేడే గేఛే అంటే పెరిగింది అని. మనమూ అంతే కదా! పుస్తెలతాడు తెగితే తెగింది అనం, పెరిగింది అంటాం. గాజు పగిలినా మా అమ్మ "గాజు పెరిగింది" అనేది. చెడు మాట నోట రాకూడదని. ఆ సంగతి చెబితే దీదీ కళ్ళు పెద్దవి చేసింది. "మీరూ అలాగే అంటారా?"

మేనేజరు నవ్వాడు. "విరిగినవన్నీ పెరిగినట్టేనా? మరి నిన్న విరిగిన లైటు కూడా పెరిగిందని ప్రొడ్యూసరుకు చెప్పనా దీదీ?"

"చెప్పు. నీ జీతం కూడా అలాగే పెరుగుతుంది" అంది దీదీ. అందరూ నవ్వారు. ఆ రోజు మధ్యాహ్నం దాకా నవ్విన నవ్వు అదే.

షాట్ మొదలైంది. డైరెక్టరు గడ్డం నెరిసిన మనిషి, మాట మెత్తన, పట్టు గట్టి. మొదటిసారి గాజు పగిలింది గానీ బౌదీ కెమెరా వంక చూసింది. రెండోసారి పగిలింది, కోడి అడ్డం వచ్చింది. ఆ తరువాతి సారి బౌదీకి నిజంగానే ఏడుపు ముంచుకొచ్చి రాయి పక్కన పడింది, గాజు పగల్లేదు. ఇంకోసారి గాజు పగిలింది, దీదీ ఏడవలేదు. డైరెక్టరు ప్రతిసారీ "బహుత్ అచ్ఛా, ఏక్ ఔర్" అనేవాడు. అలా ఇంకొక్కటి, ఇంకొక్కటి అంటూ తెచ్చిన గాజులన్నీ పెరిగిపోయాయి.

పెట్టె ఖాళీ అయింది. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. డైరెక్టరు నెమ్మదిగా నా దగ్గరికి వచ్చాడు.

"మాషీ, అసలువి మీ దగ్గరే ఉన్నాయి కదా. పగలగొట్టం. రాయి దగ్గరికి వచ్చేదాకా తీసి ఆపేస్తాం."

"ఇవ్వను."

"దీదీ అడిగితే?"

"దీదీ చేతికి ఇస్తాను, వేసుకోవడానికి. రాయి దగ్గరికి ఇవ్వను."

"ఎండ పోతోంది మాషీ. ఇవాళ కాకపోతే వాన. వాన వస్తే ఇల్లు దొరకదు."

"భయ్యా, నాకు ఒక పావుగంట ఇవ్వు. అన్నం ఉందా?"

ఆయనకు నా మతి పోయిందనిపించి ఉంటుంది. నేను పొద్దున్నుంచీ పగిలిన ప్రతి ముక్కా ఊడ్చి నా బిస్కెట్ల డబ్బాలో వేసుకున్నాను. ఎందుకని అడగొద్దు, పారేయడం నాకు రాదు. ముగ్గు పిండిలో కలపొచ్చు, కుండీలో వేయొచ్చు అనుకున్నాను. ఇప్పుడు ఆ ముక్కలు నేల మీద పరిచి, ఏది దేనికి జతో చూసుకుని, మెత్తగా నలిపిన అన్నం మెతుకులతో అతికించాను. బొగ్గుల ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి ఆరబెట్టాను. మా చిన్నప్పుడు గాలిపటాలకూ, కవర్లకూ, చిరిగిన పుస్తకాలకూ అదే జిగురు. గాజులు అతుకుల మీద అతుకులు. దూరం నుంచి చూస్తే తెల్లగానే ఉన్నాయి.

"చేతిని ఎక్కువ కదపకు దీదీ" అన్నాను.

కదపలేదు. చాలా మెల్లగా, నిద్రలో నడిచే మనిషిలా రాయి దగ్గరికి వచ్చింది. బౌదీ ఈసారి కెమెరా వంక చూడలేదు. కోడిని గంప కింద మూశాం. గాజు రాలింది. దీదీ గొంతులోంచి ఒక చిన్న శబ్దం వచ్చింది, ఏడుపు కాదు, గిన్నెలో నీళ్ళు అయిపోయినట్టు. డైరెక్టరు ఏక్ ఔర్ అనలేదు.

సరిగ్గా అప్పుడే మేనేజరు రోడ్డు వైపు నుంచి పరుగున వచ్చాడు. ఆ ఇంట్లో ఫోను పలకదు. పెద్ద రోడ్డు మీద చాయ్ కొట్టు దగ్గర మాత్రం కాస్త అందుతుందని అతను పొద్దున్నుంచీ అక్కడికీ ఇక్కడికీ తిరుగుతూనే ఉన్నాడు.

"దీదీ, ఇంటి నుంచి ఫోను! మీ అమ్మాయి. మధ్యలో కట్ అయిపోయింది."

"ఏమంది?"

"సరిగ్గా వినపడలేదు. మా కే బోలో అంది, అమ్మకు చెప్పు అని. తరువాత గరగర. తరువాత... బేడే గేఛే అంది. అంతే, కట్."

దీదీ తెల్ల చీరలో మెట్టు మీద కూర్చుని ఉంది. నుదుట బొట్టు తుడిచేశారు, చేతులు బోసిగా ఉన్నాయి. ఆవిడ తన రెండు మణికట్టుల వంక చూసుకుంది. బౌదీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ మాటకు మా ముగ్గురికీ తెలిసిన అర్థం ఒకటే. కూతురు తండ్రి సంగతి సూటిగా చెప్పలేక, ఇంట్లో పెద్దవాళ్ళు అనే మాటే అని ఉంటుంది. అమ్మకు చెప్పండి, గాజులు పెరిగాయి అని.

మేనేజరు మా ముఖాలు చూసి కంగారుపడ్డాడు. పొద్దుటి మాట అతనికి నవ్వులాటతోనే పోయింది. "అరే, ఏమైంది? బేడే గేఛే అంటే బఢ్ గయా. సింపుల్ ఇంక్రీజ్!"

"ఏం బఢ్ గయా? జబ్బా?" అంది బౌదీ.

"నాకేం తెలుసు బౌదీ? ఏదైనా కావచ్చు. బీపీ కావచ్చు. ఆసుపత్రి బిల్లు కావచ్చు."

"నువ్వు నోరు మూసుకుంటావా?" అన్నాను నేను.

డైరెక్టరు జీపు తెమ్మన్నాడు. షూటింగు ఊసు ఎత్తలేదు, ఆ మాత్రం మనిషే. దీదీ లేచి రెండు అడుగులు వేసి ఆగిపోయింది.

"ఉత్త చేతులతో నేను ఫోను చేయను. ఏ మాట వినాలన్నా గాజులు వేసుకుని వింటాను. మాషీ, ఇవ్వు."

కొంగు ముడి విప్పాను. రెండు తెల్లవి, రెండు ఎర్రవి, వెచ్చగా ఉన్నాయి. ఒక్క గీత లేదు. ఆవిడ వాటిని చూసి ఊపిరి వదిలింది. తీసుకుని చేతికి ఎక్కించబోతే గాజు బొటనవేలి ఎముక దగ్గర ఆగిపోయింది. పొద్దున చల్లటి వేళ తీసిన గాజులు. ఇప్పుడు ఎండకూ లైట్లకూ చేతులు ఉబ్బి ఉన్నాయి. శంఖు గాజు సాగదు. బలవంతం చేస్తే పెరుగుతుంది. అది గనక ఇప్పుడు పెరిగిందంటే ఈవిడ ఫోను దాకా నడవలేదు.

"బౌదీ, నువ్వు వెయ్యి. నీ చేత్తో అయితే మంచిది" అన్నాను. నేను ఎవరి మాటకూ వెనక్కి తగ్గే మనిషిని కాదు గానీ, అది ఆవిడ భర్త ప్రాణం. నా చేతి గురించి ఎవరైనా ఏమైనా అనుకునే చోట నేను ముందుకు రాదలుచుకోలేదు.

బౌదీ ముందుకు వచ్చింది. దీదీ తల అడ్డంగా ఊపి రెండు చేతులూ నా ఒళ్ళో పెట్టింది.

"నువ్వు వెయ్యి మాషీ. నీకు పగలగొట్టడం రాదు."

నడుము నుంచి సబ్బు ముక్కల మూట తీశాను. మరచెంబులో నీళ్ళు పోయించి, ముక్క నలిపి, ఆవిడ చేతులకు నురగ పట్టించాను. బొటనవేలు అరచేతిలోకి మడిచాను. హిందీ నోటికి రాలేదు. "వేళ్ళు వదులు సెయ్యమ్మా, ఊపిరి పట్టకు, నీ పెనిమిటికి ఏటీ కాదు, వదులు సెయ్యి" అని తెలుగులోనే అంటున్నాను. ఆవిడకు ఏమర్థమైందో, చెయ్యి మెత్తబడింది. గాజు ఎముక మీదికి వచ్చి ఆగింది. అక్కడ లాగకూడదు. తిప్పాలి, చిన్నగా, తాళం తిప్పినట్టు. తిప్పాను. జారి మణికట్టు మీదికి వచ్చింది. రెండో చెయ్యి కూడా అంతే. ఎర్రవి సులువుగానే ఎక్కాయి. నా జాకెట్టు వీపున తడిసి అతుక్కుపోయిందని అప్పుడు తెలిసింది.

జీపు ఎక్కాం. మేనేజరు ముందు, మేమిద్దరం వెనక. దారంతా ఆవిడ తన ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకునే ఉంది. చాయ్ కొట్టు దగ్గర ఆపారు. మేనేజరు కొట్టు బల్ల ఎక్కి, ఫోను పైకెత్తి, ఒక చోట దొరికిందని అక్కడే ఆవిడను నిలబెట్టాడు. ఆవిడా బల్ల ఎక్కింది. తెల్ల చీర, చెరిపేసిన బొట్టు, చేతినిండా సబ్బు నురగ. బస్సు కోసం నిలబడ్డ వాళ్ళంతా చూస్తున్నారు.

మోగింది. కూతురు ఎత్తింది. దీదీ "ఏం పెరిగింది? చెప్పు, ఏం పెరిగింది?" అని అరుస్తోంది. అవతల ఏదో మాట. దీదీ ముఖం ముందు ఏమీ అర్థం కానట్టు అయింది. తరువాత కళ్ళు మూసుకుంది. తరువాత బల్ల మీదే కూర్చుండిపోయింది.

"ఖిదే" అంది నాతో. "మాషీ, ఖిదే! ఆకలి! ఆకలి పెరిగిందట!"

తెల్లవారుజామున పూర్తిగా తెలివిలోకి వచ్చాడట. గంజి ఇస్తే తాగాడట, ఇంకా కావాలన్నాడట, చేప పులుసు ఎందుకు లేదని నర్సుతో తగవు పెట్టుకున్నాడట. అమ్మకు చెప్పు, నాన్నకు ఆకలి పెరిగిపోయింది అని పిల్ల సంతోషంగా చెబితే, మధ్యలో ఆకలిని సముద్రం మింగేసింది.

మేనేజరు బల్ల మీది నుంచి ఒక్క దూకు దూకాడు. "నేను చెప్పానా లేదా? సింపుల్ ఇంక్రీజ్! నా మాట ఎవరూ వినరు!"

"విననందుకు నీకు చాయ్" అంది దీదీ, ముక్కు తుడుచుకుంటూ. కూతుర్ని మాత్రం వదల్లేదు. ఇంకోసారి ఆ మాట వాడితే చెవులు మెలేస్తానని ఫోన్లోనే తిట్టింది. భర్తకు ఇవ్వమంది. ఆయన గొంతు ఎలా ఉందో నాకు వినపడలేదు. ఈవిడ మాత్రం, "చేప లేదు, ఏమీ లేదు, ఇచ్చింది తిని పడుకో మొండివాడా" అని, అలా అంటూనే ఏడ్చింది. పొద్దున్నుంచీ అన్ని టేకుల్లో రాని ఏడుపు ఆ కొట్టు ముందు వచ్చింది. కెమెరా లేదు.

ఆపైన ఆవిడకూ ఆకలి పెరిగింది. కొట్టులో వేడి ఆలూ బోండాలు వేస్తున్నారు. ఒకదాని తరువాత ఒకటి తింది. కొట్టతని భార్య దేవుడి పటం ముందు నుంచి కుంకుమ భరిణె తెచ్చి బొట్టు పెట్టింది. విధవ చీరలో ముత్తయిదువ బోండాలు తింటుంటే బస్సు వాళ్ళు కండక్టరు పిలిచినా ఎక్కలేదు. మిగిలిన బోండాలు నేను కాగితంలో చుట్టి తెచ్చాను. వదిలేస్తారా ఎవరైనా?

ఇంకొక్క షాట్ మిగిలి ఉంది. భర్త పడవ కట్టే గుంజ దగ్గర ఆమె ఒంటరిగా నిలబడాలి, బోసి చేతులతో. డైరెక్టరు గాజుల వంక చూశాడు, నా వంక చూశాడు, ఏమీ అడగలేదు. తెలివైనవాడు.

"చలి వేసినట్టు చేతులు కొంగులో దాచుకుంటే పోలా" అన్నాను. దీదీ బొట్టు కనపడకుండా ముసుగు ముందుకు లాక్కుని అలాగే నిలబడింది. ఒక్క టేకులో అయిపోయింది. వాన ఆ సాయంత్రమే మొదలైంది. మేము లాడ్జి చేరేసరికి పూర్తిగా తడిసిపోయాం. అంత తడిసి కూడా ఎవరూ విసుక్కోలేదు.

వెళ్ళేటప్పుడు దీదీ నాకు పట్టుచీర ఇవ్వబోయింది. ఎప్పుడు కట్టను, ఎక్కడ కట్టను? వద్దని, బట్టల సబ్బులు మిగిలితే ఇచ్చి వెళ్ళమన్నాను. పెట్టె నిండా ఇచ్చింది. తరువాత చాన్నాళ్ళు ఆ సబ్బులే వాడాను.

సినిమా బయటికి వచ్చింది. ఆవిడకు మంచి పేరు వచ్చిందనీ, ఆపైన ఇంకా పెద్ద వేషాలు వచ్చాయనీ మేనేజరు మా యజమానికి ఫోను చేసి చెప్పాడట. ఆ పెద్దాయన కోలుకుని తరువాతి సినిమాకు శబ్దం కూడా పట్టాడట. మా మనవరాలు ఈ మధ్య తన ఫోనులో ఆ సినిమా పెట్టి చూపించింది. ఇప్పుడు అన్నీ వస్తాయి కదా. పడవ గుంజ దగ్గర ఆవిడ చేతులు దాచుకుని నిలబడ్డ బొమ్మ కింద ఎవరెవరో రాశారట, దుఃఖంతో చేతులు కూడా చూపించలేకపోయింది, ఎంత గొప్ప నటన అని. మనవరాలు చదివి వినిపించింది. నేను నవ్వుకున్నాను.

గాజుల సీను మాత్రం రెండుసార్లు పెట్టించుకున్నాను. జాగ్రత్తగా చూడండి. బౌదీ చేతిలో రాయి ఇంకా పైనే ఉంటుంది. అది తగలకముందే ఒక గాజు తనంతట తాను విడిపోతుంది. ఆ సంగతి ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. అది నా అన్నం మెతుకు.

పనిలో చేరే పిల్లలకు నేను చెప్పగలిగింది ఎక్కువ లేదు. పగిలిందాన్ని వెంటనే పారేయకండి. సగం విన్న మాటను మీ భయంతో పూర్తి చేయకండి, మేం ముగ్గురం పెద్దవాళ్ళమై ఉండి ఆ రోజు చేసింది అదే. మాకు మాట లోతు తెలుసు, అందుకే తప్పు విన్నాం. ఆ లోతు పట్టని మేనేజరు ఉన్నదున్నట్టు విన్నాడు.

మొన్న మనవరాలు గిన్నెలు కడుగుతుంటే చేతి గాజు కుళాయికి కొట్టుకుంది.

"అమ్మమ్మా, గాజు టూట్ గయా!"

"అలా అనకూడదని చెప్పానా? పెరిగింది అను."

తడి చేతులతో వచ్చి నా ముందు నిలబడింది. ఈ కథంతా తెలిసిన పిల్ల.

"సరే, పెరిగింది. ఏం పెరిగింది చెప్పు?"

"ఆకలి" అన్నాను. "ముక్కలన్నీ ఏరి నా డబ్బాలో వేసి రా. అన్నం తిందాం."